మన పట్నం గురించి ప్రసంగం, మన మేస్త్రికి అర్థం కాకపోతే ఎలా?

పాతపోస్టాఫీసు

మన విశాఖ ఇళ్లూ కట్టడాల మీద నెలనెలా పెట్టే మూడో శనివారం ప్రసంగానికి మొన్న ఇక్కడివాళ్లు ఎవరెవరు వచ్చారు? నేను వెళ్లాను. అప్పట్నుంచీ ఒకటే బాధగా ఉంది. ఇక్కడ చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాను.

ఈసారి విషయం వన్‌టౌన్ పాత మిద్దెల పైకప్పులు. మా ఇంటి మిద్దె కారుతోంది, బాగుచేయిస్తున్నాం కదా, ఆ పని చేస్తున్న మేస్త్రి గారిని కూడా రమ్మన్నాను. డెబ్బై దాటిన మనిషి. కుర్రతనంలో వాళ్ల నాన్న పక్కన నిలబడి సున్నం మిద్దెలు వేసిన చేతులు. పాపం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, నాకంటే పావుగంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు.

గంటా పది నిమిషాలు ప్రసంగం. మొత్తం ఇంగ్లీషు. మేస్త్రి గారు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. తెర మీద మద్రాస్ టెర్రస్, అదే ఇటుకా సున్నంతో వేసే పాత మిద్దె కప్పు, బొమ్మ పడగానే మాత్రం ముందుకు వంగారు. గాల్లో వేలితో ఏదో గీసి, నా చెవిలో "ఇటికల వరస అలా రాదు బాబూ, మూల నుంచి ఏటవాలుగా రావాలి" అన్నారు. ప్రశ్నలప్పుడు చెయ్యెత్తండి అన్నాను. "ఇంగ్లీషులో అడగాలేమో, వద్దులే" అన్నారు. బయట టీ తాగుతూ "ఇంతకీ ఆయన ఏం చెప్పారు బాబూ?" అని అడిగారు. ఆ పని తెలిసిన మనిషికి ఆ పని గురించి నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈ ప్రసంగాలు హుద్‌హుద్ తుపాను కంటే ముందు నుంచీ వింటున్నాను. వీటి మీద నాకు ఎంత ప్రేమో ఇక్కడ చాలామందికి తెలుసు. అందుకే అడుగుతున్నా, వీటిని తెలుగులో పెట్టలేమా?

కంచరపాలెం_కుర్రోడు

నేను రెండుసార్లు వచ్చి మానేసింది ఇందుకే అన్నా. టీ మాత్రం బావుంటుంది.

ఐదోఏడాది

నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నాను, ఆ రోజు వెనక వరసలో ఉన్నాను. మీ పక్కన కూర్చున్న పెద్దాయన గుర్తున్నారు.

నిజం చెప్తున్నా, తెలుగులో చెప్పమంటే నాకు రాదు. ఐదేళ్లుగా ప్రతి మాటా ఇంగ్లీషులోనే నేర్చుకున్నాం. పోయిన ఏడాది నన్ను పది నిమిషాలు మాట్లాడమంటే తెలుగులో మొదలుపెట్టి మూడో వాక్యానికే ఆగిపోయాను. సెట్‌బ్యాక్‌ని ఏమంటారు? ఫసాడ్‌ని ఏమంటారు? మాటలే లేకపోతే మేమెలా చెప్పగలం?

సున్నంగానుగ

@ఐదోఏడాది మాటలు లేకపోవడమేంటమ్మా. మా నాన్నగారు తాపీ పనే చేసేవారు, నాకు తెలిసినవి చెప్తాను విను. దూలం, వాసం, నిట్రాడ, చూరు, ద్వారబంధం, గడప, పంచ, వసారా, అరుగు, నడవా, మండువా, పెరడు, పిట్టగోడ, దీపం గూడు. పనిముట్లు కావాలా? తాపీ, రసమట్టం, మూలమట్టం, తూకం గుండు. సెట్‌బ్యాక్ అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా. ఫసాడ్ అంటే ఇంటి ముఖం. "వాళ్ల ఇంటి ముఖం బాగా తీర్చారు" అని మా అమ్మ అనేది.

నీ తప్పని అనడం లేదు. నీకెవరూ చెప్పలేదు, అంతే.

ఐదోఏడాది

ఇంటి ముఖం! ఇది రాసిపెట్టుకుంటున్నా. రసమట్టం అంటే స్పిరిట్ లెవెలేనా?

సున్నంగానుగ

అదే. సైటులో ఏ మేస్త్రినైనా "రసమట్టం ఇవ్వండి" అని అడుగు, నిన్ను చూసే చూపే మారిపోతుంది.

డాబాతోట

పాతపోస్టాఫీసు గారి బాధ నాకు అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను.

ఈ ప్రసంగాల గొప్పతనమే బయటి ఊళ్ల వాళ్లు రావడం. ఇండోర్ అరణ్య కాలనీ గురించి నేను ఇక్కడే విన్నాను. ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి గీసిన ఊరు అది. పేదవాళ్లకి పూర్తి ఇల్లు కట్టి చేతిలో పెట్టలేదు. స్థలం, పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, మురుగు కాలవ ఇచ్చి మిగతాది మీ వీలు కొద్దీ కట్టుకోండన్నారు. 6,500 దాకా ప్లాట్లు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక గది, పెళ్లయినప్పుడు ఇంకో గది, అలా పెరిగింది ఆ ఊరు. 1995లో దానికి ఆగాఖాన్ బహుమతి వచ్చింది, 2018లో దోషికి ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది, మన దేశానికి అదే మొదటిది. ఆ రోజు చెప్పినాయన గుజరాత్ నుంచి వచ్చారు. తెలుగులో అయితేనే రండి అని షరతు పెడితే ఆయన వచ్చేవారా?

మనది రేవు పట్నం. ఒడియా వాళ్లు, బెంగాలీలు, నేవీ కుటుంబాలు అందరూ ఉన్న ఊరు. మనం తలుపులు మూయకూడదు.

పాతపోస్టాఫీసు

@డాబాతోట బయటివాళ్లని రావద్దని నేను అనలేదండీ. అరణ్య ప్రసంగానికి నేనూ వచ్చాను, ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఆవిడకి గంటసేపు చెప్పాను. కానీ వన్‌టౌన్ మిద్దెల గురించి వన్‌టౌన్‌కి నాలుగు కిలోమీటర్ల అవతల, ఏసీ హాల్లో, వన్‌టౌన్ వాళ్లకి తెలియని భాషలో చెప్పడం గురించే నా బాధ. ఆ రోజు మాట్లాడినాయన తెలుగాయనే, ఇంకో సంగతి.

డాబాతోట

అది నాకు తెలియదు. నిజంగా తెలియదు.

వేదిక_నిర్వాహకుడు

ఒక పోస్టులో ప్రసంగకర్త పేరు రాశారు, తీసేశాను. విషయం మాట్లాడుకుందాం, మనిషిని వద్దు.

జాలారిపిల్ల

నాకూ ఒక మాట ఉందండి. చాలా రోజులై దాచుకున్నాను.

రెండేళ్ల కిందట బీచ్ గురించి ఒక ప్రసంగం పెట్టినారు. కాలేజీ నుంచి అటే వచ్చేశాను. తెర మీద మ్యాపు వేసినారు. మా పేట ఇళ్లన్నీ బూడిద రంగు గళ్లు. ఇళ్లకీ సముద్రానికీ మధ్యన తెల్లగా వదిలేసి, ఆ తెలుపు మీద "ఖాళీ స్థలం" అని ఇంగ్లీషులో రాసినారు.

అది ఖాళీ ఏటండి? పొద్దున్న తెప్పలు లాగి పెట్టేది అక్కడే. వలలు ఆరేసేది, చిరుగులు కుట్టేది అక్కడే. మా అమ్మ ఎండుచేపలు ఆరబెట్టేది అక్కడే. మా ఊళ్లో వాడుకలో ఉన్న జాగా ఏదైనా ఉందంటే అదే. ఇళ్లే ఖాళీగా ఉంటాయి పగలంతా.

లేచి చెప్పాలనుకున్నాను. నా ఇంగ్లీషు చాలదు, తెలుగులో అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను. ఇంటికొచ్చి మా అమ్మమ్మకి చెప్తే, "ఎండలో ఒక్క పూట కూకోమను, ఖాళీయో కాదో తెలుస్తాది" అంది.

సింహాచలం_మెట్లు

అమ్మమ్మ గారి మాట ప్రతి మ్యాపు మీదా రాయించాలి.

వాల్తేరు_గాలి

@జాలారిపిల్ల చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. తప్పకుండా లేచి చెప్పాల్సిందమ్మా. మేమైనా "ఆ పిల్ల ఏదో అడగాలనుకుంటోంది" అని గమనించాల్సింది.

మీ పేట పాత చుట్టిళ్ల గురించి ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడారా? నా చిన్నప్పుడు భీమిలి వైపు చూశాను. గుండ్రటి మట్టి గోడ, తాటాకు కప్పు, నడుము ఎత్తుకి దిగిన చూరు. వంగి వెళ్లాలి లోపలికి. గుండ్రంగా ఉంటే గాలికి పట్టు దొరకదు, చుట్టూ జారిపోతుంది.

జాలారిపిల్ల

మా అమ్మమ్మ పుట్టింది చుట్టింట్లోనేనండి. కప్పు ఎగిరిపోకుండా పాత వల కప్పి, తాళ్లతో బిగించి, కొసలకి రాళ్లు కట్టేవాళ్లంట. తుపాను అంటే ఇంట్లో మగవాళ్లు చేసే మొదటి పని అదేనంట. ఇప్పుడు మావి అన్నీ స్లాబులే.

పోర్టు_తాత

నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. బీచ్ మాట వచ్చింది గనక ఒకటి చెప్తాను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మన తీరం వెంబడి ఇసుక నడుస్తుంది. వానాకాలం నెలల్లో ఉత్తరానికి, తర్వాత కొంత దక్షిణానికి, ఏడాది లెక్క చూస్తే మాత్రం ఉత్తరానికే ఎక్కువ. పోర్టు 1933లో తెరిచారు. అంతకు ముందు లోపలి రేవు ఉన్నచోట ఉప్పుటేరు, బురద. ముఖద్వారంలోకి అలల తాకిడి రాకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. తర్వాత 1970ల్లో బయటి రేవు, దాని పొడవాటి గోడలు వచ్చాయి. దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుక అక్కడ ఆగిపోతుంది. ఆగిందాన్ని డ్రెడ్జరుతో తవ్వి, ఇవతల బీచ్ వైపు పోస్తేనే మన ఆర్కే బీచ్ నిలుస్తుంది. పోయడం ఆలస్యమైన ఏడాది రోడ్డు పక్క గోడ కింద నుంచి కోసుకుపోవడం మీరందరూ చూసే ఉంటారు. సముద్రం ముందుకొచ్చేసింది అంటారు జనం. ఇసుక రాలేదు, అదీ సంగతి.

ఇది నేను ఆ వేదిక మీద చెప్పాను, తెలుగులోనే, నలభై నిమిషాలు. నాకు పవర్‌పాయింట్ రాదు. ఒక ట్రేలో ఇసుక పోసి, నీళ్లు పోసి, మధ్యలో స్కేలు నిలబెట్టి చూపించాను. స్కేలుకి ఒక పక్క ఇసుక పేరుకోవడం, రెండో పక్క తరిగిపోవడం పిల్లలు బల్ల చుట్టూ మూగి చూశారు. అయిపోయాక కూడా ఓ పాప ఆ ట్రే వదల్లేదు.

కాబట్టి తెలుగులో కుదరదు అనేవాళ్లకి నా జవాబు ఆ ట్రే.

మైకుమనిషి

ఈ ప్రసంగాలకి కుర్చీలు వేసేది, మైకు పెట్టేది మేం నలుగురం. మొదటి పోస్టు చదివినప్పటి నుంచి మాలో మేం ఇదే మాట్లాడుకుంటున్నాం. లోపలి సంగతి చెప్తాను.

పోర్టు తాత గారి ఇసుక ట్రే రోజు హాలు సరిపోలేదు, గుమ్మంలో నిలబడ్డారు. హుద్‌హుద్ తర్వాత పెట్టింది కూడా అంతే. 2014 అక్టోబరు 12 ఆదివారం తుపాను, ఊళ్లో ఇంకా కొమ్మలు ఎత్తుతున్నారు, కొన్ని వీధుల్లో కరెంటు లేదు. ఆ రోజు ప్రసంగకర్త అంటూ ఎవరూ లేరు. "మీ ఇంట్లో ఏది పోయింది, ఏది నిలిచింది" అని మైకు చేతులు మార్చుకున్నాం. ఒకావిడ లేచి, కొత్త ఫ్లాట్లో గోడంత అద్దం పగిలి గదిలోకి వచ్చిందనీ, అత్తగారింటి పెంకులు నలభై ఎగిరిపోతే మర్నాడు మామగారే ఎక్కి సర్దేశారనీ చెప్పింది. ఇప్పటికీ జనం గుర్తు చేసేది ఆ రోజునే. అది పూర్తిగా తెలుగు. ఇంత తెలిసీ మళ్లీ ఇంగ్లీషులోకి ఎందుకు జారిపోయామంటే, ప్రసంగకర్తని వెతకడం, స్లైడ్లు తెప్పించుకోవడం సులువు. మాదే బద్ధకం, ఒప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి. హాలు అద్దె రెట్టింపు అడుగుతున్నారు. వచ్చే నెల నుంచి ఆన్‌లైన్‌లో పెట్టేద్దామని మాలో ఇద్దరు అంటున్నారు. ఇంకా ఏదీ అనుకోలేదు.

డాలస్_నుంచి

నేను మర్రిపాలెంలో పుట్టి పెరిగాను, ఇప్పుడు ఇక్కడున్నాను. మీరు పెట్టే వీడియోలు ఒక్కటీ వదలను. ఆన్‌లైన్ అయితే మాలాంటి వాళ్లం ప్రశ్నలు కూడా అడగొచ్చు. దయచేసి ఆ దారి మూసేయకండి.

సింహాచలం_మెట్లు

ఆన్‌లైన్ అంటే మేస్త్రి గారు అసలే రారు. వీడియో తీసి పెట్టండి, సరే. కానీ ఎదురెదురుగా కూర్చోవడం మానొద్దు.

గాజువాక_గళం

ఏమీ అనుకోకండి, సూటిగా అడుగుతాను. ఇన్నేళ్లు మాట్లాడుకున్నారు. ఈ మాటల వల్ల ఒక్క పాత ఇల్లైనా నిలిచిందా? కురుపాం మార్కెట్ నుంచి కోటవీధి దాకా నడవండి, ఏడాదికేడాదికి ఎన్ని పోతున్నాయో కళ్ళముందే ఉంది. తెలుగులో మాట్లాడితే ఆగుతాయా?

రామ్‌నగర్_రాధ

@గాజువాక_గళం మీరన్నది నిజమే, మా ఇల్లే పోయింది. వన్‌టౌన్‌లో మా తాతగారి మిద్దె. ఏడుగురు వాటాదారులు. ఇద్దరు హైదరాబాదు, ఒకరు అమెరికా. ఏ ఒక్కరికీ అమ్మాలని లేదు, ఏ ఒక్కరికీ బాగుచేయించే స్తోమతా లేదు. కారు పెట్టడానికి చోటు లేని వీధిలో అద్దెకి ఎవరూ రారు. చివరికి బిల్డరుకి ఇచ్చేశాం. ఏ ప్రసంగమూ దాన్ని ఆపలేకపోయేది.

కానీ ఒకటి జరిగింది. పడగొట్టడానికి నెల ముందు, ఈ ప్రసంగాల్లో పరిచయమైన విద్యార్థులు నలుగురు వచ్చి ఇల్లంతా టేపు పెట్టి కొలిచి గీశారు. గడప వెడల్పు, మెట్టు ఎత్తు, అరుగు మీద నాపరాళ్లు ఎన్ని, అన్నీ. ఆ కాగితం మా అమ్మకి చూపించాను. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసి, వంటింటి గోడలో చిన్న చదరం మీద వేలు పెట్టింది. "ఈ దీపం గూడు నాకు అందేది కాదు, మా నాన్న ఎత్తుకుంటే పెట్టేదాన్ని" అంది. కొలత చూస్తే నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు.

ఇల్లు నిలవలేదండీ. అయినా ఆ కాగితం లేకపోతే మాకు ఏమీ మిగిలేది కాదు.

గాజువాక_గళం

క్షమించండి రాధ గారూ. నేను అడిగిన తీరు బాగోలేదు.

రామ్‌నగర్_రాధ

అయ్యో, అడగాల్సిందే అడిగారు.

పాతపోస్టాఫీసు

@గాజువాక_గళం ఒక్క ఇల్లు నిలిచింది, మాది. మూడేళ్ల కిందట మా మిద్దె కారితే, ఒక కాంట్రాక్టరు వచ్చి పైన సిమెంటు పూత పూశాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి లోపల దూలాలు చెమ్మ పట్టాయి. ఆ ప్రసంగాల్లోనే ఒకావిడ చెప్పింది, సున్నం ఊపిరి తీసుకుంటుంది, దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక దూలాన్ని తింటుందని. అది వినకపోతే ఈపాటికి మొత్తం పీకేసి స్లాబు వేసేవాళ్లం. ఈ ఉప్పుగాలిలో స్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలడం ఊరంతా చూస్తూనే ఉన్నాం.

ఇప్పుడు ఆ సిమెంటు చెక్కి తీస్తున్నది ఈ మేస్త్రి గారే.

కంచరపాలెం_కుర్రోడు

అన్నా, ఆ "మూల నుంచి ఏటవాలుగా" అన్నదేంటో చెప్పవా? అందరం ఉత్త భాషా చర్చ చేస్తున్నాం గానీ అసలు సంగతి ఎవరూ అడగలేదు.

పాతపోస్టాఫీసు

అడిగినందుకు సంతోషం తమ్ముడూ. మర్నాడు మిద్దె మీద ఆయన్నే అడిగాను. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

ముందు టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా సన్న వాసాలు. ఆ వాసాల మీద పలచటి చిన్న ఇటుకల్ని పక్కకి నిలబెట్టి, సున్నంతో ఒకదానికొకటి అంటించుకుంటూ పోవాలి. కింద చెక్క పరంజా ఏమీ ఉండదు, అదే ఇందులో విద్య. గోడ వెంబడే వరస పెడితే మొదటి వరసే మొత్తం పొడుగు ఉంటుంది, ఆరేలోపు జారిపోతుంది. అందుకని గది మూలలో ఒక్క ఇటుకతో మొదలెడతారు. తర్వాత రెండు, తర్వాత మూడు. ప్రతి వరసా వెనక వరసని ఆనుకుంటుంది, రెండు కొసలూ గోడల్ని పట్టుకుంటాయి. "చిన్నపిల్ల నడక నేర్చినట్టు, గోడ పట్టుకుని రావాలి బాబూ" అన్నారు.

అది ఆరాక ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి మూడంగుళాల దళసరి పరుస్తారు. దాన్ని ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు, మధ్యమధ్యలో కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ. కొట్టే చెక్క పైకి ఎగిరి చేతికి దెబ్బ తగిలినట్టు అనిపించేదాకా కొట్టాలట. అప్పుడు అయినట్టు లెక్క. వాళ్లమ్మ కూడా కొట్టేదట. ఆ పాట ఆయనకి ఇంకా వచ్చు, నాలుగు చరణాలు పాడారు.

తెర మీద బొమ్మలో వరసలు గోడ వెంబడే ఉన్నాయి.

ఐదోఏడాది

మా పుస్తకంలో ఏటవాలుగానే ఉంటుంది, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. పరీక్షలో అలాగే గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సున్నంగానుగ

"చేతికి దెబ్బ తగిలినట్టు అయ్యేదాకా." మా నాన్నగారూ ఇదే మాట అనేవారు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

భీమిలి_గడియారం

మధ్యలో దూరుతున్నాను. మా భీమిలికి 1861లోనే పురపాలక సంఘం వచ్చింది. గడియార స్తంభం, డచ్చివాళ్ల సమాధులు, పెంకుటిళ్ల వీధులు అన్నీ ఉన్నాయి. ఒక్కసారైనా మా ఊళ్లో ప్రసంగం పెట్టండి. అద్దె అక్కర్లేదు, చెట్టు నీడ ఉంది.

వాల్తేరు_గాలి

భీమిలి గారి మాట పట్టుకోవాలి. ఏ కట్టడం గురించి మాట్లాడతామో అక్కడే మాట్లాడదాం. ఒకసారి తొట్లకొండ మీద పెట్టారు, గుర్తుందా? హాల్లో అయితే "వాన నీటి సేకరణ" అని ఒక స్లైడు పడేది. అక్కడ రాతిలో తొలిచిన తొట్లు కళ్లముందు ఉన్నాయి, వాటి వల్లే ఆ కొండకి ఆ పేరు. ఒకప్పుడు అక్కడున్న బౌద్ధ భిక్షువులు చినుకు చినుకూ పట్టుకుని దాచుకున్నారు. పక్కన బావికొండది కూడా బావుల పేరే. ఇవాళ మనం ఆ కొండల కింద నీళ్ల ట్యాంకరు కోసం ఫోన్లు చేసుకుంటున్నాం. ఇది చెప్పడానికి ఏ మైకూ అక్కర్లేకపోయింది.

డాబాతోట

రెండు రోజులు ఆలోచించి వచ్చాను. నా మాట కొంచెం మార్చుకుంటున్నా, మొత్తం కాదు.

బయటివాళ్లు రావాలి, వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వండి. కానీ పక్కన ఒకరు నిలబడి పది నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పాలి. చివర్లో కాదు, అప్పటికప్పుడు. మన ఊరి గురించైతే, మాట్లాడేది తెలుగువాళ్లైతే, తెలుగులోనే. ప్రశ్నలు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు అడగాలి, మొదటి ప్రశ్న తెలుగులో అడిగించాలి. మొదటివాళ్లు తెలుగులో అడిగితే మిగతావాళ్ల భయం పోతుంది. అలా చెప్పే పని నేను చేస్తాను. నా ఇంగ్లీషూ నా తెలుగూ రెండూ ఇందుకు సరిపోతాయి.

జాలారిపిల్ల

మొదటి ప్రశ్న నేను అడుగుతానండి.

ఐదోఏడాది

నేను ఒక ప్రయత్నం చేశాను, తప్పులుంటే దిద్దండి. కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఎక్కువగా వాడిన ర్యాట్ ట్రాప్ గోడ:

"ఇటుకని పడుకోబెట్టకుండా పక్కకి నిలబెట్టి కడితే గోడ మధ్యలో ఖాళీ గూళ్లు మిగులుతాయి. ఆ గూళ్లలోని గాలి వల్ల బయటి వేడి లోపలికి త్వరగా రాదు. ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతాయి."

సున్నంగానుగ

దిద్దడానికి ఏమీ లేదు తల్లీ. మా నాన్నగారికి చదివి వినిపిస్తే గోడ కట్టేసేవారు.

గాజువాక_గళం

దీనికి తెలుగులో ఎలుకబోను గోడ అని పేరు పెట్టకండి, ఇల్లు కొనేవాడు పారిపోతాడు.

ఐదోఏడాది

గూళ్ల గోడ అందామా?

పోర్టు_తాత

గూళ్ల గోడ. బాగుంది.

మైకుమనిషి

మేం నలుగురం నిన్న రాత్రి కూర్చున్నాం. హాలు ఈ నెలకి వదిలేస్తున్నాం. ఆన్‌లైన్ కాదు. పాతపోస్టాఫీసు గారూ, మీకు ఇబ్బంది లేకపోతే వచ్చే మూడో శనివారం మీ మిద్దె మీదే పెడదాం. సాయంత్రం నాలుగున్నరకి, ఎండ తగ్గాక. ప్రసంగకర్త మేస్త్రి గారు. డాబాతోట గారు తెలుగు రాని వాళ్ల కోసం ఇంగ్లీషులో చెప్తారు. వీడియో తీసి డాలస్ గారికి పంపుతాం. మేస్త్రి గారిని మీరే అడగాలి, మాకు ధైర్యం చాలడం లేదు.

పాతపోస్టాఫీసు

ఇప్పుడే కిందకి దిగి అడిగి వచ్చాను. తాపీ చేతిలోంచి దించకుండానే విన్నారు. "నేనేం మాట్లాడతాను బాబూ" అన్నారు. మాట్లాడక్కర్లేదు, ఒక మూల వేసి చూపించండి చాలు అన్నాను. కాసేపు ఆగి ఒప్పుకున్నారు. మూడు షరతులు పెట్టారు. మైకు వద్దు. ఇరవై మందికి మించి మిద్దె ఎక్కొద్దు, దూలాలకి చెమ్మ ఇంకా ఆరలేదు. మూడోది, ఆ రోజు బొమ్మ చూపించినాయన్ని తప్పకుండా పిలవాలి. "ఆయన చెడ్డగా ఏం చెప్పలేదు, ఎవరూ చేసి చూపించి ఉండరు" అన్నారు.

మైకుమనిషి

ఆయనకి ఫోన్ చేశాను. వస్తున్నారు. ముందు వరసలో కింద కూర్చుంటానన్నారు.

కంచరపాలెం_కుర్రోడు

ఇరవైలో నా పేరు ఒకటి. దారిలో అందరికీ మురీ మిక్చర్ నేను తెస్తా.

జాలారిపిల్ల

నేనూ మా అమ్మమ్మా, రెండు. ఆవిడ మెట్లు ఎక్కగలదు.

రామ్‌నగర్_రాధ

నేను. మా అమ్మని కూడా తీసుకొస్తాను.

సున్నంగానుగ

ఇవన్నీ సరే గానీ, సున్నం సంగతి ఎవరైనా ఆలోచించారా? శనివారం పని మొదలెట్టాలంటే గుల్ల సున్నం కనీసం వారం ముందు నానాలి. ఆ రోజు పొద్దున్న బస్తా తెచ్చి కలిపితే కుదరదు. ఇవాళే తొట్టిలో వేయాలి. కరక్కాయలు విడిగా నానబెట్టాలి.

పాతపోస్టాఫీసు

మేస్త్రి గారు కూడా అదే అడిగారు. మా పెరట్లో తొట్టి ఉంది గానీ పగిలింది.

సింహాచలం_మెట్లు

మా ఇంట్లో పాత గోలెం ఉంది, రెండు బస్తాలు పడుతుంది. ఇద్దరు మనుషులూ ఒక ఆటో ట్రాలీ కావాలి.

గాజువాక_గళం

ట్రాలీ నాది. ఆరింటికి వస్తాను, ఇల్లెక్కడో చెప్పండి.